అతిథి సాక్ష్యము

విదేశములను చూచి వచ్చిన మన పట్టణవాసులు సాయంకాలమున నలుగురు కూడినచోట చెప్పు మాట యొకటి కలదు. "అచ్చటి ప్రభుత్వమును గూర్చి ఇచ్చట ఏమేమో వ్రాయుచుందురు గాని, మేము స్వయముగా చూచి వచ్చితిమి. ఆ జనులంత మంచివారు వేఱొకచోట లేరు. దారి తప్పినవారిని వెంటనుండి తీసికొనిపోయి దిగబెట్టినారు. ముక్కు మొగము ఎఱుగనివారిని ఇంటికి పిలిచి కడుపునిండ పెట్టినారు. కానీ పుచ్చుకొనలేదు. అంత చెడ్డ పాలనమే యైనచో ప్రజలు అంత ప్రసన్నముగా నుందురా?" చిక్కడపల్లి గ్రంథాలయమున పత్రికలు చదువుకొను పెద్దలు ఈ వాదమును పలుమారులు వినియే యుందురు. వినుటకిది సబబుగానే తోచును. చెప్పువాడు అబద్ధమాడుట లేదు. అతడు తిన్న అన్నము నిజము. అతనికి దొరికిన ఆదరము నిజము. అయినను ఆ నిజమునుండి అతడు తీసిన సిద్ధాంతము తప్పు. ఆ తప్పు ఎచ్చటనున్నదో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. మన పేటల చరిత్రయే చాలును.

నిరంకుశ ప్రభుత్వము క్రింద బ్రదుకుచు అతిథులకు అన్నము పెట్టినవారి మనుమలము మనము. 1948 సెప్టెంబరు వఱకు హైదరాబాదు సంస్థానము ఆసఫ్‌జాహీ ప్రభువుల ఏలుబడిలో నుండెను. 1941 జనాభా లెక్కలనాటికి అందు 1 కోటి 60 లక్షలకు పైగా జనులుండిరి. వారిలో ఇంచుమించు సగము మంది తెలుగువారు. ఆ జనులకు బాధ్యత వహించు ప్రభుత్వము లేదు. బహిరంగ సభ చేయవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని 'గస్తీ నిషాన్ 53' శాసించుచుండెను. సొంతముగా బడి పెట్టుకొనవలెనన్నను అనుమతి కావలసియుండెను. విశ్వవిద్యాలయమున చదువు ఉర్దూలో నడచుచుండెను. అట్టి రాజ్యమునకు వచ్చిపోయిన బాటసారులు తఱచుగా మెచ్చుకొన్నది ఇచ్చటి మర్యాదను. హైదరాబాదు మర్యాద యన్నది సామెతవలె దేశమున వ్యాపించినది. ఆ మెప్పు అర్హమైనదే. కాని ఆనాటి మర్యాద ఒక్క తీరుది కాదు. అందు మూడు తీరులు కలవు. వానిని విడదీసి చూచిననే గాని అతిథి చెప్పు సాక్ష్యమునకు ఎంత విలువ ఈయవలయునో తేలదు.

మొదటిది దివాణపు మెహమాన్‌దారీ. ఫలక్‌నుమా కొండమీది మేడను పైగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా కట్టించెను. తరువాత అది ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ వశమై, రాచ అతిథులకు విడిదియైనది. ఒక్క పంక్తిని నూరుమంది కూర్చుండి భుజింపదగిన బల్ల ఆ మేడలో కలదు. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు వరంగల్లు జిల్లాలో నెక్కొండ దగ్గఱ విడిది చేసి వేటాడెను. చంపిన పులిని ముందుంచుకొని ఆయనయు ఆయన భార్యయు నిలిచిన ఛాయాచిత్రము నేటికిని పుస్తకములలో అచ్చగుచున్నది. ఆ పటమున వైస్రాయి కలడు, దొరసాని కలదు, పులి కలదు. డేరాలు మోసినవారి పేరులు మాత్రము మనకు తెలియవు. ఇట్టి అతిథి తన దేశమునకు పోయి నిజాముగారి ఔదార్యమును వర్ణించినచో వింత లేదు. ఆ ఖర్చు ఎవరిదను ప్రశ్న ఆ బల్లయొద్ద పుట్టదు. పుట్టినను అడుగుట మర్యాద కాదు. ప్రజల ధనముతో పెట్టిన విందు ప్రభువు దానముగా లెక్కకెక్కుట నిరంకుశ రాజ్యములందు ఎల్లకాలమున జరుగునదే.

రెండవది దౌరా మర్యాద. తహశీల్దారో, అమీనో, గిర్దావరో దౌరాకు వచ్చుచున్నాడను కబురు అందిన క్షణమునుండి పల్లెకు నిదుర లేదు. కుమ్మరి కుండలు తేవలెను. గొల్లవాడు మేకను తోలుకొని రావలెను. గౌడు కల్లు దింపవలెను. చాకలియు మంగలియు తమ పనులు మాని సేవకు నిలువవలెను. కట్టెలు, పాలు, కోళ్లు, ఎడ్లబండ్లు, దారి చూపుటకు ముందు పరుగెత్తు మనిషి — ఇవన్నియు ఊరు సమకూర్చవలసినదే. మాలమాదిగలు కూలి లేకయే సామానులు మోసి ఒక ఊరినుండి మఱియొక ఊరికి చేర్చవలెను. అధికారి పుస్తకమున అది రసద్. పల్లెవాని నోట అది వెట్టి. వెట్టిని కట్టడి చేయు ఉత్తరువులు కాగితముమీద లేకపోలేదు. ఆ కాగితమును చదివి వినిపింపవలసినవాడే వెట్టి చేయించుకొనువాడైనపుడు పల్లెవాడు ఎవరితో మొఱపెట్టుకొనవలయును? ఆంధ్ర జనసంఘమువారు తమ తొలి పనులలో ఒకటిగా వెట్టిపై ప్రచారము చేయుటకు కారణమిదియే. అధికారి వెంట వచ్చిన స్నేహితుడు డేరాలో కూర్చుండి కోడికూర తినుచు "ఈ పల్లెజనుల ఆతిథ్యమే ఆతిథ్యము" అని తన దినచర్యలో వ్రాసికొనియుండును. అతడు చూచినది వెఱపు, వ్రాసికొన్నది ప్రేమ.

మూడవది ఇంటి మర్యాద. మన తాతలు గర్వింపదగినది ఇదియే. కాజీపేట మీదుగా రైలు దిగి వచ్చిన కవి గాని, పండితుడు గాని, చందాలు పోగుచేయు పత్రికా ప్రతినిధి గాని హోటలు వెదకికొననక్కఱలేకుండెను. సుల్తాను బజారులోనో నారాయణగూడలోనో ఒక వకీలుగారి ఇంటి అరుగు అతనికి విడిది. జొన్నరొట్టెయు పచ్చిపులుసును అతనికి భోజనము. రాత్రి పదిమంది చేరి అతని మాటలు వినుచుందురు. అతడు తెచ్చిన పుస్తకము చేతులు మాఱి పేట యంతయు తిరిగివచ్చును. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో రావిచెట్టు రంగారావుగారి ఇంటిలోనే వెలసినది. ఆంధ్ర జనసంఘమునకు 1921లో బీజము పడినది ఒక వకీలుగారి ఇంటిలోనే. 1928లో మాడపాటి హనుమంతరావుగారు ఆరంభించి, నారాయణగూడలో ఆయన పేరుతో నిలిచిన బాలికల పాఠశాలకును ఇట్టి గృహస్థుల చేయూతయే ఆధారము. అతిథికి చాప పఱచిన చేతులే బడికి ఇటుకలు మోసినవి.

ఈ మూడవ మర్యాద అంత చిక్కగా నుండుటకు కారణమేమి? తెలుగువారి స్వభావమే కారణమని చెప్పి మురిసిపోవచ్చును. కొంత నిజము కూడ. కాని మఱియొక కారణము కలదు. దానిని బాటసారి తఱచుగా చూడడు. సభామందిరమునకు సర్కారు తాళము వేసినచోట ఇంటి అరుగే సభామందిరమగును. పత్రిక స్వేచ్ఛగా వ్రాయలేనిచోట అతిథి నోటి మాటయే పత్రిక యగును. సుల్తాను బజారు ప్రాంతము 1933 వఱకు బ్రిటిషు రెసిడెంటు అధికారమున నుండుటచే, వీధి దాటిన మాత్రమున చట్టము మాఱుచుండెను. ఆ కొలది వీథులలో పుస్తకములకును సభలకును కొంత ఊపిరి దొరకినది. బయటి ప్రపంచము మూసివేయబడినవాడు బయటినుండి వచ్చినవానిని హత్తుకొనుట సహజము. ఆ ఇంటివారు అతిథికి పెట్టిన అన్నములో ప్రేమ యెంత కలదో, వార్తలకొఱకైన ఆకలియు అంతయే కలదు. కావున అట్టి ఆదరమును చూపి "ఇచ్చట అంతయు సుఖముగానే యున్నది" అనుట, దాహముతో చేతులు చాచినవానిని చూచి వీడు నమస్కరించుచున్నాడనుకొనుటవంటిది.

ఇంటి మర్యాదను పొందినవారు సైతము ఇంటివారిని చక్కగా చూడని సందర్భములు కలవు. నిజాము రాష్ట్రమున ఆంధ్రకవులు పూజ్యమను మాట వినబడినపుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించి సమాధానము చెప్పవలసివచ్చెను. కంటికి కనబడనంత మాత్రమున లేదనుటయు, కంటికి కనబడినదే సమస్తమనుటయు ఒకే దోషమునకు రెండు ముఖములు.

మఱి బాటసారి చేయవలసినదేమి? తెలుగువారికి ఈ విషయమున మంచి గురువొకడు కలడు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేఱి, నిజాము రాజ్యము గుండ పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. ఏ ఊర నీరు మంచిది, ఏ ఊర దిగుటకు స్థలము కలదు, ఏ ఊర అంగళ్లు కలవు అని ఆయన మజిలీ మజిలీకి వ్రాసికొనిరి. సుఖముగా దిగిన చోటును మఱువలేదు. ఆ చేతితోడనే నగరమున జనులు ఆయుధములు ధరించి తిరుగుటను, బాటల భయమును, పాలనపు తీరును గూడ వ్రాసిరి. ఒకటి వ్రాసినందున రెండవది దాచవలెనని ఆయనకు తోచలేదు. నూటతొంబది యేండ్లు గడచినను ఆ పుస్తకము మనకు ప్రమాణమైయుండుటకు ఆ నిష్పక్షపాతమే కారణము.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము యూరపు చరిత్రలో కలదు. 1932-33 సంవత్సరములలో సోవియటు పాలనమందలి ఉక్రెయినులో ఘోరమైన కఱవు సంభవించి లక్షలకు లక్షలు జనులు ఆకలితో చనిపోయిరి. 1933 వేసవి చివర ఫ్రాన్సు మాజీ ప్రధాని ఎడ్వర్డు ఎర్రియో ఆ దేశమునకు సర్కారు అతిథిగా పోయెను. సిద్ధపఱచిన వీథులనే, సిద్ధపఱచిన పొలములనే ఆయనకు చూపిరి. విందులు చేసిరి. తిరిగివచ్చి ఆయన, ఆ దేశము పూచిన తోటవలె నున్నదని లోకమునకు చెప్పెను. ఆయన లంచము తిన్నాడని ఎవ్వరును అనలేదు. కన్నులతో చూచినదే చెప్పెను. ఆ కన్నులను ఎచ్చటికి త్రిప్పవలెనో నిర్ణయించినవారు వేఱు. ఆ మాట మాత్రము చనిపోవుచున్నవారి గొంతుమీద మఱియొక బరువైనది.

అంతకు మూడేండ్ల ముందు అదే సోవియటు దేశమునకు రవీంద్రనాథ ఠాకూరు అతిథిగా పోయిరి. సామాన్యునికి అచ్చట చదువు చెప్పుచున్న విధమును చూచి ఆయన మనసార మెచ్చుకొనిరి. ఆ మెప్పును వ్రాసి ప్రకటించిరి. కాని వీడ్కోలు పుచ్చుకొనుచు 1930 సెప్టెంబరులో అచ్చటి ప్రభుత్వ పత్రిక 'ఇజ్వెస్తియా'కు ఇచ్చిన సంభాషణలో, భిన్నాభిప్రాయమును అణచుటయు, ద్వేషమును నూరిపోయుటయు మంచిది కాదని స్పష్టముగా హెచ్చరించిరి. ఆ పత్రిక ఆ సంభాషణను ప్రకటింపలేదు. 1988లో గాని అది అచ్చట వెలుగు చూడలేదు. అతిథి యిట్లుండవలెను. మేలును మేలనెను, కీడును కీడనెను, రెండును ఆ ఇంటి ముంగిటనే అనెను.

ఇచ్చట పెద్దలు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "ఉప్పు తిన్న ఇంటిని తప్పుపట్టుట పాపము కాదా?" మంచి ప్రశ్న. ఆ ఉప్పు ఎవరిదో ముందు విచారింపుడు. బాటసారికి అన్నము పెట్టినవాడు రాజు కాడు. తన పిల్లల వంతునుండి తీసి పెట్టిన గృహస్థుడు. ఆ గృహస్థుని నోరు కట్టివేసినవాడు రాజు. గృహస్థుని ఉప్పు తిని రాజును పొగడువాడు ఋణము తీర్చుకొన్నవాడు కాడు. ఒకరికి చెల్లింపవలసిన సొమ్మును వేఱొకరి ఖాతాలో జమకట్టినవాడు. అట్టి లెక్కను కోమటి కొట్టులోని గుమాస్తా కూడ ఒప్పుకొనడు.

అట్లని కృతజ్ఞత పేరున ఆ గృహస్థుని వీథిలోనికి ఈడ్వరాదు. అతిథి ఊరు దాటి పోవును. ఇంటివాడు అచ్చటనే యుండును. రాత్రి అన్నము తినుచు అతడు తలుపు మూసి చెప్పిన మాటను, అతని పేరుతోను పేటతోను బయటపెట్టినచో, తెల్లవారునప్పటికి ఆ తలుపు తట్టువారు వేఱుగా వత్తురు. ఆ కాలమున ఉత్సాహవంతుడైన అతిథి వ్రాసిన ఒక్క వాక్యము గృహస్థుని కొలువునకు ముప్పు తేగలిగియుండెను. నేడు ఛాయాచిత్రము తీసి క్షణములో లోకమంతయు చాటుట సులభమైనది గనుక ఈ జాగ్రత్త నూఱు రెట్లు అవసరము. పాలనమును గూర్చి చెప్పవలసినది చెప్పుడు. పెట్టినవాని పేరును మనసులో దాచుకొనుడు.

మఱియొక ఆక్షేపణ. "నిజాము పాలనమున మేలేమియు జరుగలేదా?" జరిగినది. 1908 మూసీ వరద తరువాత నగరమునకు రక్షణగా ఉస్మాన్‌సాగరు కట్టబడినది. ఆసుపత్రులు, విశ్వవిద్యాలయము వెలసినవి. నగర కొత్వాలుగా పనిచేసిన రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు సర్కారు ఉద్యోగములోనుండియే విద్యార్థి వసతిగృహమునకును తెలుగు విద్యకును అండగా నిలిచిరి. వీనిని కాదనువాడు చరిత్రకు ద్రోహి. అయినను చెఱువు త్రవ్వించిన ప్రభుత్వమును ప్రశ్నించు హక్కు ఆ చెఱువు నీరు త్రాగువానికి ఉండవలెను. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విద్యార్థులు చదువు కోల్పోయి నాగపూరు పోవలసివచ్చెను. నాగపూరు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొన్నది. ఆ ఊరివారు మన పిల్లలను అతిథులుగా స్వీకరించినపుడు, హైదరాబాదులో మంచి భవనములు కలవు గదా, మీకేమి లోటు అని అడిగి త్రిప్పిపంపలేదు.

ఇంతవఱకు చెప్పినది తప్పులో ఒక సగము. ప్రజల మంచితనమును ప్రభువునకు జమకట్టుట ఆ సగము. ప్రభువు చెడుతనమును ప్రజలకు అంటగట్టుట రెండవ సగము. ఇది మొదటిదానికన్న క్రూరమైనది. రజాకార్ల దౌర్జన్యమును ఎదిరించి ఉర్దూలో వ్రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో నారాయణగూడకు కూతవేటు దూరమున, కాచిగూడ ప్రాంతమున హత్య చేయబడెను. పాలకుని మతము వాడైనందున అతడు పాలకుని పక్షము కాలేదు. మఱుసటి నెల సైన్యచర్య ముగిసిన పిదప, మరాఠవాడ, కన్నడ జిల్లాలలో ఎక్కువగాను, తెలంగాణమున కొంతగాను, ఏ పాపము ఎఱుగని ముసల్మానులు వేలకొలదిగా చంపబడిరి. పండిత సుందరలాలు సంఘము ఆ సంఖ్యను 27,000 నుండి 40,000 వఱకు అంచనా వేసెను. ఆ నివేదిక చాలకాలము మఱుగున పడియుండెను. పొరుగువారిని తమ ఇండ్లలో దాచి కాపాడిన హిందువులను గూర్చియు ఆ సంఘమువారు వ్రాసిరి. అంతకు ముందు రజాకార్ల కాలమున హిందువులను కాపాడిన ముసల్మానులును కలరు. ఆ దినములలో తలుపు తెఱచినవారు ప్రభుత్వము వేఱు, పొరుగువాడు వేఱు అని ఎఱిగినవారు. కత్తి యెత్తినవారు రెండింటిని ఒకటిగా కలిపినవారు.

ఈ మాటలన్నియు పరులకు చెప్పుటకే గాక మనకు మనము చెప్పుకొనుటకును పనికివచ్చును. 1975 జూనునుండి 1977 మార్చి వఱకు మన స్వతంత్ర దేశమునందే అత్యయిక స్థితి నడచినది. పత్రికలకు ముందస్తు పరిశీలన విధింపబడినది. విచారణ లేకయే జనులు చెఱసాలలలో నుంచబడిరి. ఆనాడు ఊరూర వినబడిన మెప్పు, రైళ్లు వేళకు నడచుచున్నవని. ఆ కాలమున మన దేశము చూడవచ్చిన విదేశీయునికి మన తల్లులు అన్నము పెట్టియే యుందురు, నవ్వుచునే పెట్టియుందురు. ఆ నవ్వును అత్యయిక స్థితికి అంగీకార పత్రముగా అతడు పట్టుకొనిపోయియున్నచో మనకెట్లుండును?

నేడు మన పేటలనుండి ఇంటికొకరు విదేశములకు పోయి వచ్చుచున్నారు. వారిలో కొందఱు ప్రజలు నోరు మెదపరాని దేశములను చూచి వచ్చుచున్నారు. అట్టివారు అచ్చటి ఇండ్ల మంచితనమును తప్పక చెప్పవలెను, చెప్పకపోవుటయే కృతఘ్నత. కాని చెప్పుటకు ముందు కొన్ని ప్రశ్నలు తమకు తాము వేసికొనవలెను. నన్ను పిలిచినది ఇల్లా, సర్కారా? నాకు పెట్టినవాడు తన ఇష్టముతో పెట్టెనా, వెఱపుతో పెట్టెనా? పాలకుని మాట వచ్చినపుడు అతడు గొంతు తగ్గించెనా? వీథి కిటికీ మూసెనా? చూడగోరిన చోటికి నన్ను పోనిచ్చిరా, చూపదలచినవే చూపిరా? ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను కూడ కలిపి చెప్పినపుడే అతని మాట సాక్ష్యమగును.

వినువారికిని ఒక బాధ్యత కలదు. అశోకనగరపు వసతిగృహములలో జిల్లాలనుండి వచ్చి పరీక్షలకు చదువుకొను యువకులు వేలకొలదిగా నున్నారు. రేపు అధికారులై దౌరాకు పోవువారు వీరిలోనుండియే రావలెను. పల్లె తమకు పెట్టిన పాలు ప్రేమతో పెట్టినవో, కుర్చీకి వెఱచి పెట్టినవో విచారించుకొను అలవాటు ఇప్పటినుండియే వారికి కలుగవలెను. అన్నము పెట్టినవానిని జన్మాంతము మఱువకుడు. అతని నోటికి తాళము వేసినవానిని కూడ మఱువకుడు. ఆ తాళమును గూర్చి ఎఱిగినంత ధైర్యముగా చెప్పుటయే ఆ ఇంటి ఋణము తీర్చుకొను మార్గము.